38 ఏళ్ళ వయసులో జపాన్ వెళ్ళిన జీకో

(ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఒక కోచ్ మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి బాబూ, ఇక్కడ చాపలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు ముందు కూర్చోండి. అమ్మా, ఆ ఫ్యాన్ ఇటు తిప్పండి, పిల్లలకి గాలి తగలాలి.

పోయిన నెల ఒక తండ్రి నా దగ్గరికి వచ్చారు. ఇప్పుడు ఈ గదిలోనే ఉన్నారు. "మాస్టారూ, మావాడు బాగా ఆడుతున్నాడంటున్నారు కదా, బయటి దేశం పంపిస్తే వాడి జీవితం బాగుపడుతుందా?" అని అడిగారు. అప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇంటికెళ్ళాక కూడా అదే ఆలోచన. బయటి దేశం వెళ్ళడమంటే ఏమిటి? అక్కడ ఏం దొరుకుతుంది, అక్కడ ఏం ఇవ్వాలి? ఈ రెండో ప్రశ్న మనం ఎవరమూ అడగం. అందుకే ఇవాళ ఒక మనిషి కథ చెబుదామని వచ్చాను. బ్రెజిల్ మనిషి. బ్రెజిల్ ఏటా వందలకొద్దీ ఆటగాళ్ళను బయటి దేశాలకి పంపే దేశం. అక్కడి పిల్లలకి ఫుట్‌బాల్ ఎంత సహజమో, ఫుట్‌బాల్ కోసం ఇల్లు వదలడం కూడా అంతే సహజం.

ఆయన పేరు జీకో. అసలు పేరు ఆర్థర్ ఆంతూనెస్ కోయింబ్రా. ఇంట్లో చిన్నోడు కదా, ముద్దుగా ఆర్థర్‌జీనో అనేవారు, అది ఆర్థర్‌జీకో అయింది, చివరికి జీకో మిగిలింది. మన ఇళ్ళల్లో వెంకటేశ్వర్లు వెంకట్ అయి చివరికి వెంకీ అయినట్టే.

నేను జీకోని మొదట చూసింది 1986లో. మెక్సికోలో ప్రపంచ కప్. మా వీధి మొత్తానికి ఒకే ఒక్క బ్లాక్ అండ్ వైట్ టీవీ, మూడో ఇంట్లో. బ్రెజిల్, ఫ్రాన్స్ మ్యాచ్ మనకి రాత్రి పదకొండున్నరకి మొదలైంది. కిటికీ బయట కూడా జనం నిలబడ్డారు. స్కోరు 1-1. రెండో సగంలో జీకో సబ్‌స్టిట్యూట్‌గా దిగారు. దిగీ దిగగానే ఒక పాస్ ఇచ్చారు, ఎంత బాగుందంటే, బంతి అందుకున్న బ్రాంకోని ఫ్రాన్స్ గోల్ కీపర్ పడగొట్టక తప్పలేదు. పెనాల్టీ! ఎవరు కొడతారు? జీకోనే ముందుకి వచ్చారు. కొట్టారు. కీపర్ బాట్స్ ఆపేశాడు.

మా వీధిలో ఒక్కరి నోటా మాట లేదు. ఇన్నేళ్ళయినా ఆ నిశ్శబ్దం నాకు గుర్తుంది. ఎక్స్‌ట్రా టైమ్ తరవాత షూటౌట్‌లో జీకో మళ్ళీ వచ్చి కొట్టారు, ఈసారి గోల్. కాని మిగతావాళ్ళలో ఇద్దరు కొట్టలేకపోయారు, బ్రెజిల్ ఇంటికి వెళ్ళిపోయింది. లోకం ఆయన గోల్‌ని మరచిపోయి, మిస్సయిన పెనాల్టీని గుర్తుపెట్టుకుంది. ఆ మనిషి అప్పటికే ఒక మోకాలు పాడైపోయి, ఆపరేషన్లు చేయించుకుని, నొప్పితోనే మైదానంలోకి దిగాడని మాకు తెలీదు. తరవాత ఎప్పుడో చదివి తెలుసుకున్నాను.

సరే, మొదటికి వద్దాం. 1953లో రియో డి జనీరోలో క్వింతీనో అనే పేటలో పుట్టారు. బీచ్, పెద్ద హోటళ్ళు ఉండే రియో కాదు, రైలు పట్టాల పక్కన మామూలు జనం ఉండే ఉత్తరపు రియో. అన్నలు కూడా ఫుట్‌బాల్ ఆటగాళ్ళే. 14 ఏళ్ళప్పుడు ఫ్లమెంగో క్లబ్‌లో చేరారు. ఎలా ఉండేవాడు ఆ కుర్రాడు? బక్కపలచగా, ఈదురుగాలి వస్తే పడిపోయేలా. ఒరేయ్ నువ్వు, మూడో వరసలో, నువ్వు నవ్వకు, నీలాగే ఉండేవాడు! ఆట మాత్రం ఉంది, ఒళ్ళు లేదు. క్లబ్‌వాళ్ళు ఏం చేశారో తెలుసా? తిండి, వ్యాయామం, మందులు అన్నీ లెక్కగట్టి, ఏళ్ళ తరబడి ఒక పద్ధతి ప్రకారం ఆ శరీరాన్ని కట్టారు. ఇల్లు కట్టినట్టు కట్టారు. కాబట్టి పిల్లల ఒళ్ళు చూసి పనికిరాడని తోసేయకండి. తల్లిదండ్రులకి చెబుతున్నాను, నాకు నేను కూడా చెప్పుకుంటున్నాను.

ఫ్లమెంగోకి ఆయన 500కి పైగా గోల్స్ కొట్టారు. ఫార్వర్డ్ కూడా కాదు, పదో నంబర్ జెర్సీ వేసుకుని మధ్యలోంచి ఆట నడిపే మనిషి. ఫ్రీ కిక్ అంటే జీకో, జీకో అంటే ఫ్రీ కిక్. ప్రాక్టీస్ అయిపోయి అందరూ స్నానాలకి పోయాక, గోల్ పోస్ట్ పై మూలలో ఒక జెర్సీ వేలాడదీసి, దానికి తగిలేదాకా కొట్టేవారట. ఈ జెర్సీ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

1981 డిసెంబర్ 13. ఈ తేదీ ఈ కథకి చాలా ముఖ్యం. దక్షిణ అమెరికా ఛాంపియన్ ఫ్లమెంగో, యూరప్ ఛాంపియన్ లివర్‌పూల్. మ్యాచ్ ఎక్కడ జరిగింది? రియోలో కాదు, లండన్‌లో కాదు. టోక్యోలో! ఫ్లమెంగో 3-0తో గెలిచింది. జీకో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అయినా మూడు గోల్స్ వెనకా ఆయన కాలే ఉంది. ఉత్తమ ఆటగాడని ఒక టొయోటా కారు బహుమతిగా ఇచ్చారు. జపాన్‌లో అప్పటికి ప్రొఫెషనల్ లీగే లేదు. కంపెనీల టీములు ఆడుకునేవి. ఆ రోజు ఆ స్టేడియంలో కూర్చున్న జపాన్‌వాళ్ళు ఈ మనిషిని చూశారు, గుర్తుపెట్టుకున్నారు. పదేళ్ళు గుర్తుపెట్టుకున్నారు.

1982 ప్రపంచ కప్ గురించి ఎక్కువ చెప్పను, చెబితే తెల్లారిపోతుంది. ఒక్కటే చెబుతాను. ఇటలీ మ్యాచ్‌లో జెంటిలే అనే డిఫెండర్ జీకోని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే జెర్సీ చిరిగిపోయింది. ఆ చిరుగు ఫొటోల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. బ్రెజిల్ 3-2తో ఓడిపోయింది. మరుసటి ఏడాదే, ఏ దేశం చేతిలో ఓడారో ఆ దేశానికే జీకో ఆడటానికి వెళ్ళారు.

ఎక్కడికి వెళ్ళారు? యువెంటస్‌కా? మిలాన్‌కా? కాదు. ఉదినేసె! ఉదినె అనే చిన్న ఊరి క్లబ్. ఇటలీకి ఈశాన్య మూల, ఫ్రియులి ప్రాంతం. 1976లో అక్కడ పెద్ద భూకంపం వచ్చి సుమారు 1,000 మంది చనిపోయారు. ఇళ్ళు మళ్ళీ కట్టుకుంటున్న జనం. అలాంటి ఊరికి ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్ళలో ఒకడు వస్తున్నాడంటే ఎలా ఉంటుంది?

600 కోట్ల లీరాలకి బేరం కుదిరింది, లీరా అంటే అప్పటి ఇటలీ డబ్బు. కాని ఇటలీ ఫుట్‌బాల్ పెద్దలు ఒప్పుకోలేదు, డబ్బు ఎక్కడిదో తేలాలన్నారు, బదిలీ ఆపేశారు. అప్పుడు ఉదినె జనం ఏం చేశారు? వీధుల్లోకి వచ్చారు. ఒక నినాదం పట్టుకున్నారు: "జీకో లేకపోతే ఆస్ట్రియా!" అంటే ఏమిటి? వాళ్ళ ప్రాంతం 1866 దాకా ఆస్ట్రియా రాజ్యంలో ఉండేది. మా జీకోని మాకివ్వండి, లేదంటే మేము మళ్ళీ ఆస్ట్రియాలో కలిసిపోతాం అని! ఒక ఆటగాడి కోసం దేశం వదిలేస్తామన్నారు. అలిగిన కోడలు పుట్టింటికి పోతానన్నట్టు అన్నారనుకోండి, కాని అన్నారు. చివరికి అనుమతి వచ్చింది.

మరి జీకో వాళ్ళ ఆశ నిలబెట్టారా? మొదటి లీగ్ మ్యాచ్ జెనోవాలో. ఉదినేసె 5-0తో గెలిచింది, జీకోవి రెండు గోల్స్. ఆ సీజన్ ఆయన 24 మ్యాచ్‌ల్లో 19 గోల్స్ కొట్టారు. ఇటలీ డిఫెండర్లంటే ఆ రోజుల్లో గోడలు. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ కొట్టింది యువెంటస్‌లో ఆడిన ప్లాటిని, 20 గోల్స్. ఒక్కటే తేడా. ప్లాటిని 28 మ్యాచ్‌లు ఆడాడు. జీకో గాయం వల్ల కొన్ని వదులుకున్నారు. ప్లాటిని పక్కన ఛాంపియన్ టీమ్ ఉంది. జీకో పక్కన ఉన్నది మధ్యలో ఎక్కడో నిలిచే టీమ్, ఆ ఏడాది తొమ్మిదో స్థానం. మీరే ఆలోచించండి.

రెండో ఏడాది గాయాలు ఎక్కువయ్యాయి, గోల్స్ తగ్గాయి, 1985లో తిరిగి ఫ్లమెంగోకి వచ్చేశారు. రెండేళ్ళే. ఒక్క కప్పు కూడా గెలవలేదు. కాగితం మీద చూస్తే ఏముంది? ఏమీ లేదు. కాని ఉదినెలో ఇప్పటికీ పెద్దవాళ్ళు ఆ రెండేళ్ళ గురించే మాట్లాడుకుంటారు.

తిరిగి వచ్చిన కొద్ది రోజులకే, 1985 ఆగస్టులో, రియోలో ఒక లీగ్ మ్యాచ్‌లో అవతలి డిఫెండర్ గాల్లోకి ఎగిరి రెండు కాళ్ళతో ఆయన మోకాలి మీద పడ్డాడు. ఇందాక చెప్పిన మోకాలు ఇదే. ఆ తరవాత ఆడిన ప్రతి మ్యాచ్ నొప్పితోనే. 1989 డిసెంబర్‌లో ఫ్లమెంగోకి చివరి అధికారిక మ్యాచ్ ఆడారు, రియోలోని ఇంకో క్లబ్ ఫ్లూమినెన్సె మీద, అందులోనూ ఫ్రీ కిక్ గోల్ కొట్టి సెలవు తీసుకున్నారు. 1990లో బ్రెజిల్ ప్రభుత్వంలో క్రీడల శాఖ చూసే పదవి ఇచ్చారు. ఆట అయిపోయింది. పదవి ఉంది, పేరు ఉంది, ఇల్లు ఉంది. ఎవరైనా ఏం చేస్తారు?

ఇక్కడ నుంచే నాకు నచ్చిన భాగం. పిల్లలూ, నిద్ర వస్తే లేచి నీళ్ళు తాగి రండి, ఇది మాత్రం వినాలి.

జపాన్‌లో టోక్యోకి తూర్పున సముద్రపు ఒడ్డున కషిమా అని ఒక చిన్న పట్టణం. అప్పట్లో సుమారు 45 వేల మంది. అక్కడ ఏముంది? ఉక్కు ఫ్యాక్టరీ. మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ తెలుసు కదా, అలా ఊరంతా ఫ్యాక్టరీ చుట్టూ బతుకుతుంది. ఆ సుమితోమో మెటల్స్ కంపెనీకి ఒక ఫుట్‌బాల్ టీమ్. రెండో డివిజన్. ఆటగాళ్ళు కంపెనీ ఉద్యోగులు, పని చేసుకుని ఆ తరవాత బంతి పట్టుకునేవారు. జపాన్ అప్పుడే ప్రొఫెషనల్ లీగ్ పెట్టాలనుకుంది. జె-లీగ్. పది క్లబ్‌లకే చోటు. కషిమావాళ్ళు మాకూ చోటు కావాలన్నారు. లీగ్ పెద్ద కవాబుచి ఏమన్నారంటే, మీకు చోటు దొరకడం 99.9999 శాతం అసాధ్యం అని. ఎన్ని తొమ్మిదులో చూడండి! 15 వేల మంది కూర్చునే, పైకప్పు ఉన్న, ఫుట్‌బాల్ కోసమే కట్టిన స్టేడియం ఉంటే అప్పుడు చూద్దాం అన్నారు. మర్యాదగా వద్దని చెప్పే పద్ధతి అది. కషిమావాళ్ళు ఇంటికెళ్ళి ఏడుస్తూ కూర్చోలేదు. స్టేడియం కడతామన్నారు, కట్టారు కూడా. 1991లో పది క్లబ్‌ల జాబితాలో కషిమా పేరు వచ్చింది.

అదే ఏడాది జీకోని పిలిచారు. ఆయన పదవి వదిలేసి వచ్చారు. వయసు 38. రెండో డివిజన్ టీమ్! ఆయన వయసులో బ్రెజిల్‌లో ఎవరైనా కుర్చీలో కూర్చుని కామెంటరీ చెప్పుకుంటారు. ముసలి ఆటగాడు డబ్బు కోసం వచ్చాడని అనుకున్నవాళ్ళు ఉన్నారు. ఉండరా మరి? డబ్బు ఇచ్చారు, తీసుకున్నారు, అందులో తప్పేముంది. కాని తీసుకున్న డబ్బుకి ఏం చేశారో చూడాలి. ఆ మొదటి సీజన్ రెండో డివిజన్‌లో 22 మ్యాచ్‌ల్లో 21 గోల్స్. పాడైన మోకాలుతో.

గోల్స్ కంటే పెద్ద పని వేరే చేశారు. ఆ టీమ్‌లో మంచి కుర్రాళ్ళు ఉన్నారు, పని మీద భక్తి ఉంది. కాని ఓడిపోతే ఒళ్ళు మండే గుణం లేదు. ఓడాం, రేపు డ్యూటీ ఉంది, పదండి, అంతే. జీకోకి అది సహించలేదు. గ్రౌండ్‌లో గడ్డి ఎలా ఉందో చూశారు, బట్టలు మార్చుకునే గది చూశారు, బూట్లు చూశారు. బూటు మన పనిముట్టు, వడ్రంగికి ఉలి ఎంతో మనకి బూటు అంత, మురికి బూటుతో గ్రౌండ్‌లోకి రావద్దన్న పద్ధతి పెట్టారు. ఇదిగో, ఇక్కడ చూడండి, ఈ బూటు ఎవరిది? మట్టి ఎండి పగుళ్ళిచ్చింది. ఎవరిదైనా సరే, ఇవాళ ఇంటికెళ్ళి పాత బ్రష్‌తో, తడిగుడ్డతో నువ్వే తుడవాలి. అమ్మకి ఇవ్వకు.

1993 మొదట్లో టీమ్‌ని ఇటలీ తీసుకెళ్ళారు శిక్షణకి. అక్కడ క్రొయేషియా జాతీయ జట్టుతో ఒక స్నేహపూర్వక మ్యాచ్. 8-1తో చిత్తుగా ఓడిపోయారు. ఎనిమిది గోల్స్! లీగ్ మొదలవడానికి కొన్ని నెలలే ఉంది. ఆ ఓటమి తరవాత జీకో వదల్లేదు. ఎవరు ఎక్కడ నిలబడాలి, బంతి పోగానే ఎవరు వెనక్కి పరిగెత్తాలి, లైను ఎక్కడ ఉండాలి, అంతా మొదటి నుంచి మళ్ళీ నేర్పించారు. కోచ్ వేరే ఉన్నారు, అయినా ఆయన ఆటగాడిగా ఉంటూనే మాస్టారు పని చేశారు.

1993 మే 16. జె-లీగ్‌లో కషిమా మొదటి మ్యాచ్. కొత్త స్టేడియం నిండిపోయింది. ఎదురుగా నగోయా గ్రాంపస్ ఎయిట్, వాళ్ళ వైపు ఇంగ్లండ్ స్ట్రైకర్ గ్యారీ లినెకర్. 1986 ప్రపంచ కప్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. అందరూ ఆయన కోసమే చూస్తున్నారు. ఏమైంది? కషిమా 5, నగోయా 0. రెండు గోల్స్ అల్సిందోవి, అతనూ బ్రెజిల్‌వాడే. మూడు గోల్స్ జీకోవి. హ్యాట్రిక్. జె-లీగ్ చరిత్రలోనే తొలి హ్యాట్రిక్, 40 ఏళ్ళు నిండిన మనిషిది! ఇంట్లో మీ నాన్నగారి వయసు ఎంతో అడగండి, అప్పుడు తెలుస్తుంది.

ఆ మొదటి సగం సీజన్ టైటిల్ కషిమాకే వచ్చింది. 99.9999 శాతం అసాధ్యం అన్న ఊరికి.

ఒక మచ్చ కూడా చెప్పాలి, చెప్పకపోతే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. 1994 జనవరిలో ఛాంపియన్‌షిప్ కోసం, రెండో సగం సీజన్ గెలిచిన వెర్డీ కవసాకితో ఆడారు. రిఫరీ నిర్ణయాల మీద కషిమావాళ్ళకి కోపం. వెర్డీకి పెనాల్టీ ఇచ్చారు. బంతి చుక్క మీద పెట్టి ఉంది. జీకో నడుచుకుంటూ వెళ్ళి, ఆ బంతి మీద ఉమ్మేశారు. రిఫరీ బయటికి పంపేశారు. కషిమా ఆ టైటిల్ పోగొట్టుకుంది. గౌరవం గురించి కుర్రాళ్ళకి పాఠాలు చెప్పిన మనిషే ఆ పని చేశారు. తప్పే. నేను దాన్ని సమర్థించను. కాని ఓడిపోతే ఒళ్ళు మండాలని నేర్పిన మనిషి, ఆ మంటని తానే ఆపుకోలేకపోయాడని నాకు అర్థమవుతుంది.

1994లో ఆట మానేశారు. కషిమాని మాత్రం మానలేదు. తరవాత క్లబ్ సలహాదారుగా, టెక్నికల్ డైరెక్టర్‌గా ఉన్నారు. ఆయన వేసిన దారిలో లియొనార్దో, జోర్జీన్యో లాంటి బ్రెజిల్ ప్రపంచ కప్ విజేతలు ఆ చిన్న ఊరికి వచ్చి ఆడారు. 1996లో తొలి లీగ్ టైటిల్. 2016 నాటికి ఎనిమిది. జె-లీగ్ మొదలైన నాటి నుంచి ఒక్కసారి కూడా రెండో డివిజన్‌కి దిగలేదు. 2016 డిసెంబర్‌లో క్లబ్ ప్రపంచ కప్ ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ మీద ఒక దశలో 2-1 ఆధిక్యంలో ఉన్నారు, ఎక్స్‌ట్రా టైమ్ దాకా పోరాడి 4-2తో ఓడారు. ఉక్కు ఫ్యాక్టరీ టీమ్! స్టేడియం దగ్గర ఆయన విగ్రహం ఉంది. జపాన్‌వాళ్ళు ఆయన్ని ఫుట్‌బాల్ దేవుడు అంటారు. అంకితభావం, నిజాయితీ, గౌరవం, ఈ మూడింటిని జీకో స్పిరిట్ అని క్లబ్ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

కోచ్‌గా చేసినవి త్వరగా చెప్పేస్తాను. 2002 నుంచి జపాన్ జాతీయ జట్టు కోచ్. 2004లో ఆసియా కప్ గెలిపించారు. 2006 ప్రపంచ కప్‌లో జపాన్ ఎవరితో ఆడాల్సి వచ్చిందో ఊహించండి. బ్రెజిల్‌తో! జపాన్ మొదటి గోల్ కొట్టింది కూడా, తరవాత 4-1తో ఓడింది. తన దేశపు జాతీయ గీతం అవతలి జట్టు కోసం మోగుతుంటే ఇవతల నిలబడ్డారు ఆయన. ఆ తరవాత టర్కీ, రష్యా, గ్రీస్, ఇరాక్, చాలా చోట్ల పని చేశారు.

మన దేశానికీ వచ్చారు, మీలో ఎంతమందికి తెలుసు? చేతులు ఎత్తండి. చూశారా, ఇద్దరే. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు ఎఫ్‌సీ గోవా కోచ్ ఆయనే. మూడు సీజన్లు. 61 ఏళ్ళ వయసులో ఆ ఎండలో, ఆ ఉక్కలో నిలబడ్డారు. 2015 ఫైనల్ గోవాలోనే, ఫతోర్దాలో. ఆట ముగియబోతుండగా గోవా 2-1తో ముందుంది. ఆఖరి నిమిషాల్లో చెన్నై క్లబ్ చెన్నైయిన్‌కి రెండు గోల్స్ వచ్చాయి, కప్పు వాళ్ళు పట్టుకెళ్ళారు. జీకో జీవితంలో ఇలాంటి ఆఖరి నిమిషాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు ఆ తండ్రిగారి ప్రశ్న. అయ్యా, మీ అబ్బాయి బయటి దేశం వెళ్తాడో లేదో నాకు తెలీదు. పంపితే ఎక్కడికి పంపాలో అంతకన్నా తెలీదు. నేను చూసింది ఒకటి చెప్పగలను. ఉదినెకి, కషిమాకి జీకో వెళ్ళేటప్పటికి ఆయన దగ్గర ఇవ్వడానికి ఏదో ఉంది. అది రాత్రికి రాత్రి రాలేదు, క్వింతీనో నుంచి రోజూ క్లబ్‌కి తిరిగిన కుర్రాడి ఒంట్లో ఏళ్ళ తరబడి చేరింది. మనవాడికి 13 ఏళ్ళు. ముందు ఎడమ కాలు పెట్టి పాస్ ఇవ్వడం రావాలి.

ఆ జెర్సీ సంగతి మళ్ళీ చెబుతానన్నాను కదా. ఈ సంచిలో పాత జెర్సీలు రెండు తెచ్చాను. రేపు పొద్దున ఆరింటికి ఉత్తరం వైపు గోల్ పోస్ట్‌కి, పై మూలలు రెండింటికీ కడతాను. ప్రాక్టీస్ అయ్యాక ఉండగలిగినవాళ్ళు ఉండండి. 18 గజాల నుంచి, ఒక్కొక్కరికి పది బంతులు. బంతులు తెచ్చుకునే పని కూడా కొట్టినవాళ్ళదే. బూట్లు తుడుచుకుని రండి.